బందరు హాస్టలుకు గిటారు

పోయిన వారం నిత్యానందాన్ని మార్కాపురం మిషన్ బంగళా వరండాలో, రెండు గిటార్ల మధ్య నిలబెట్టి వదిలేశాను. నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. గిద్దలూరు నుంచి ఒక పెద్దమనిషి కార్డు ముక్క మీద, ఆ కుర్రవాడు ఏదో ఒకటి చంకన పెట్టుకుని పోతే సరిపోదా, దానికి మమ్మల్ని వారం రోజులు కూర్చోబెట్టాలా అని రాశాడు. అయ్యా, మీరు కాడెద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూడలేదా? నాలుగడుగులు నడిపించి చూడలేదా? పేదవాడు జీవితంలో ఒక్కసారి ఏరుకునే అవకాశం వచ్చినప్పుడు వాణ్ణి తొందరపెట్టకూడదు. నేను పెట్టను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి పోతాను. ఇది పందొమ్మిది వందల ఇరవై నాలుగు సంగతి. ఊరు తుమ్మకుంట, మార్కాపురానికి నాలుగు మైళ్ళు. ఆ ఊరి మాదిగపల్లెలో యోసేపుకూ జ్ఞానమ్మకూ ఒక్కగానొక్క కొడుకు నిత్యానందం. మిషన్ బడిలో చదివి, పల్లెలో ఎవరూ పేరు కూడా వినని పరీక్ష ప్యాసై, బందరు కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. హాస్టల్లో సాయంత్రం ప్రార్థనకు వాయిద్యం వాయించే కుర్రవాడు కావాలంటే, నాలుగేళ్ళుగా వీడికి గిటారు నేర్పిన దొరసాని ఉత్తరం రాసి గది ఇప్పించింది. ఆమె కూడా ఇక సముద్రం దాటి సీమకు వెళ్ళిపోతోంది. తన రెండు గిటార్లలో ఒకటి ఏరుకొమ్మంది. సోమవారం పొద్దున వాడి రైలు.

యోసేపు సంగతి కూడా తెలియాలి. మూడేళ్ళ కిందటి వరకు తుమ్మకుంట డప్పు అతనిదే. ఊరి డప్పు ఒక ఇంటి హక్కు. ఆ ఊరి అమ్మవారి కొలుపులో పక్క ఊరివాడు వచ్చి డప్పు ముట్టడు, బతిమాలినా ముట్టడు, అది తాతలనాటి కట్టు. బాప్తిస్మం తీసుకున్న రోజునే యోసేపు డప్పు దించేశాడు. దాంతో మూడేళ్ళకోసారి వచ్చే అంకమ్మ కొలుపు ఈ ఏడు చప్పుడు లేకుండా జరిగింది. తొమ్మిదో రోజుకి ఊళ్ళో కలరా గత్తర తగిలింది. మునసబు వెంకటసుబ్బయ్య కూతురు, ఏడేళ్ళ పిల్ల, ఒక్క పగలులో పోయింది. అమ్మ అలిగిందని ఊరంతా అన్నారు, మునసబు నమ్మాడు. వచ్చే గురువారం మళ్ళీ కొలుపు చేస్తానని మొక్కుకుని యోసేపుకు రెండుసార్లు కబురు పంపాడు. యోసేపు రెండుసార్లూ రానన్నాడు.

ఇక బంగళాకు పదండి.

పెద్ద గిటారు నల్లది. మెడ పొడవునా ముత్యపుచిప్ప పొదిగి ఉంది, ఉక్కు తీగెలు. ఒక్కసారి మీటితే వరండా చివర నిద్రపోతున్న కుక్క లేచింది. చిన్నది బెల్లం రంగుది, కడుపు చేటంత ఉంటుందేమో, గొర్రె నరాల తీగెలు. ఎవరి చేయో ఏళ్ళ తరబడి ఆనిన చోట రంగు పోయి తెల్లచెక్క బయటపడింది. నిత్యానందం మనసంతా నల్లదాని మీదే ఉంది. ఉండదూ మరి? బందరులో ఏయే ఇళ్ళ పిల్లలు వస్తారో వాడికి తెలుసు. తన పేరు, ఊరు, పల్లె చెప్పాక వాళ్ళ ముఖాలు ఎట్లా మారతాయో కూడా తెలుసు. ఆ నల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కసారి మీటితే, ముఖాలు మారకముందే చెవులు ఇటు తిరుగుతాయని వాడి ఆశ.

దొరసానిది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "నీవు నివసింపబోవు గది చిన్నది. అందు నలుగురు నిద్రించెదరు" అని మొదలుపెట్టి, మంచం కింద పట్టేది ఏదో చూసుకొమ్మంది. బందరు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉక్కు తీగెలు నెలలోపల తుప్పు పడతాయంది. నరాల తీగెలు తేమకు వదులవుతాయి, రోజూ బిగించుకోవాలి, కానీ తుప్పు పట్టవంది. అంతా విని నిత్యానందం తలాడించి, మళ్ళీ నల్లదాని వైపే చూశాడు.

అంతసేపూ యోసేపు కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. దొరసాని పైకి రమ్మంటే, చేతులు తుండుకు తుడుచుకుని వచ్చి, చిన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని వాయించేముందు సెగకు కాచాల్నా అమ్మా అని అడిగాడు. డప్పు కాచినవాడికి ఆ అనుమానం రావడం సహజం. దొరసాని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నిత్యానందానికి సిగ్గుతో చచ్చినంత పనైంది. యోసేపు నవ్వలేదు, నొచ్చుకోలేదు. నల్లదాన్ని మోకాలికి ఆనించి, నడివేలి కణుపుతో దాని కడుపు మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, మళ్ళీ తట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఇక్కడ లోపల ఏదో వదిలిందమ్మా అన్నాడు. అది అసంభవం, పదేళ్ళుగా నేను వాయిస్తున్నానంది దొరసాని. అని, చేతి అద్దం తెచ్చి రంధ్రంలోంచి చూస్తే, లోపల అడ్డంగా అతికించిన పుల్ల ఒకటి ఊడి, ఒక కొస గాలిలో ఉంది. ఎండకో వానకో ఇంకో ఏడాదిలో పైచెక్క నిలువునా చీలేదే. ఆమె అద్దం దించి యోసేపును కొత్తగా చూసినట్టు చూసింది.

యోసేపు చిన్నదాన్ని కూడా అట్లాగే తట్టాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. మూడేళ్ళుగా చప్పుడుకు మొహం వాచి ఉన్న మనిషి, ఎంతసేపటికీ దాన్ని కింద పెట్టలేదు.

"ఇది పలుకుతాది నాయనా. అరవదు గానీ పలుకుతాది. పక్కన ముగ్గురు పండుకోనుంటే అరిచేదాంతో నీకేం పని?" అన్నాడు.

నిత్యానందానికి కోపం వచ్చింది. తండ్రి మాట నిజమైనందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. చిన్నదాన్నే తీసుకున్నాడు. తుమ్మకుంట దాకా నాలుగు మైళ్ళూ మూతి ముడుచుకునే నడిచాడు గానీ, చెరువు కట్ట దిగేసరికి వేళ్ళు వాటంతట అవే తీగెల మీదికి పోయాయి. వెనక నడుస్తున్న యోసేపు అది చూసి అడుగు నెమ్మది చేసుకున్నాడు.

గిటారైతే వచ్చింది, దానికి పెట్టె లేదు. నల్లదాని పెట్టె దీనికి పట్టలేదు. దుప్పట్లో చుట్టుకుని పొమ్మంది దొరసాని. రైల్లో మూటల కింద పడితే దుప్పటి ఏం కాపాడుతుందని యోసేపు తానే సంచి కుట్టడానికి కూర్చున్నాడు. వేపబద్ద వంచి, గిటారు కడుపుకు దెబ్బ తగలకుండా గుండ్రంగా చట్రం కట్టాడు. తంగేడు చెక్కలో ఊరిన మేకతోలును తడి మీదే దాని పైకి లాగి, చుట్టూ వారుతో బిగించాడు. శనివారం మిట్టమధ్యాహ్నం దాన్ని ఇంటి గోడకు ఆనించి ఎండబెట్టాడు. మెడకు పట్టే భాగం ఇంకా కుట్టలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. గుండ్రటి కొయ్య చట్రం, దాని మీద బిగలాగిన తడితోలు, యోసేపు ఇంటి గోడ, ఎదురుగా ఎండ. చూసినవాడికి ఏం కనపడుతుంది?

చూసినవాడు బ్రహ్మం. మునసబుకు తమ్ముడు, ముప్పై ఏళ్ళవాడు, తాలింఖానాలో కుస్తీ పట్టి ఒళ్ళు పెంచాడు, ఆ ఒళ్ళుతో ఏం చెయ్యాలో తెలియక ఊళ్ళో తిరుగుతుంటాడు. గొర్రెలమందను చూడడానికి పోతూ ఆ గోడ వైపు చూశాడు. కళ్ళది తప్పు అననుగానీ, ఆ తరవాత నోటిది తప్పు. ఇంటికి పరుగెత్తాడు. మునసబు పిల్ల పోయిన నాటినుంచి సరిగా తిండి తినడం లేదు, ఆ పూట ఎట్లాగో రెండు ముద్దలు కలిపాడు. యోసేపు కొత్త డప్పు కట్టాడన్నా అన్నాడు తమ్ముడు. మన కొలుపుకు కట్టాడేమోనని ఒక్క క్షణం మునసబు ముఖం విప్పారింది. అది చూసి కూడా బ్రహ్మం ఊరుకోలేదు. యర్రగొండపాలెం కాడ వాని మేనమామ ఊర్లో కొలుపుండాది, మేనమామ హక్కు వీనికొచ్చిందంట, దానికంట అని చెప్పాడు. అంట అన్నది ఎవరో అడిగితే చెప్పలేడు, అది వాడి బుర్రలో అప్పటికప్పుడు పుట్టింది. మునసబు అన్నం ముందునుంచి లేచిపోయాడు.

ఆదివారం సాయంత్రం. పల్లెలో నడవగలిగిన ప్రతివాళ్ళూ దొరసాని వీడ్కోలు సభకు మార్కాపురంలో ఉండిపోయారు. పొద్దున్నే బండెక్కాలని యోసేపు కుటుంబం ఒక్కటే ముందుగా తిరిగొచ్చింది. ఇంకా ఎండ పొడుగ్గా పడుతూనే ఉంది. జ్ఞానమ్మ ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుతోంది. నిత్యానందం గిటారును సంచిలో పెట్టి మూతి వారు బిగిస్తున్నాడు, కొలిచినట్టు సరిపోయింది. యోసేపు తోలు కొట్టే బండ దగ్గర కూర్చుని, భుజానికి వేసుకునే పట్టీని కొయ్య గూటంతో సాగగొడుతున్నాడు. మునసబు, బ్రహ్మం, తలారి మస్తానయ్య, ఇద్దరు పాలేర్లు కంచె తోసుకుని వాకిట్లోకి వచ్చారు.

యోసేపు లేచి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. దణ్ణం పెట్టడానికి చేతులు ఎత్తాడు, ఎత్తిన చేతుల మధ్యలోంచి బ్రహ్మం తన్నాడు. గుండెల మీద తగిలి వెనక్కి పడ్డాడు. లేచేలోపల దుడ్డుకర్ర వీపు మీద పడింది, తరవాత డొక్కలో, తరవాత మళ్ళీ వీపు మీద. ఎందుకో చెప్పకుండా కొట్టడం బ్రహ్మానికి అలవాటు. మునసబు వాకిలి మధ్యలో నిలబడి, డప్పు బయటికి తియ్యమన్నాడు. నా ఇంట్లో డప్పు లేదు సామీ అన్నాడు యోసేపు. ఆ మాటకు కర్ర కొస నోటి మీద పడింది. పన్ను ఒకటి దుమ్ములో రాలింది. జ్ఞానమ్మ వచ్చి బ్రహ్మం కాళ్ళు పట్టుకుంటే పాలేరు ఒకడు జుట్టు పట్టి లాగి రోలు మీదికి తోశాడు. ఆమె నుదురు చిట్లింది.

నిత్యానందం రెండు చేతులతో సంచి ఎత్తి పట్టుకుని అడ్డం పోయాడు. ఇదే, మీరు చూసింది ఇదే, చూసుకోండి అని అంటూనే ఉన్నాడు. బ్రహ్మం వాడి చెంప పగలగొట్టి సంచి లాక్కుని, వారు తెంపి, లోపలిదాన్ని బయటికి లాగాడు.

బెల్లం రంగు గిటారు. దాని తీగె ఒకటి బ్రహ్మం బొటనవేలికి తగిలి చిన్నగా మోగింది.

ఇది దొరల వీణ అయ్యా, డప్పు కాదు అని మస్తానయ్య మెల్లగా అన్నాడు. పాలేర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా మటుకు నాకు ఈ చోటే ఈ కథలో కడుపు రగిలే చోటు. ఆ మునసబు ఒక్క మాట, "పొరపాటైంది పదండి" అని, తిరిగి నడిచి ఉంటే, ఒక పన్నుతో, ఒక చిట్లిన నుదురుతో పోయేది. కానీ ఇళ్ళలో మిగిలిన ముసలమ్మలు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. లేని డప్పు కోసం మనిషిని నెత్తురొచ్చేట్టు కొట్టించి, తలవంచుకుని వెనక్కి పోవడం మునసబుల ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. వెంకటసుబ్బయ్య తిరిగి పోలేదు, అక్కడే రోలు మీద కూర్చున్నాడు.

అరవలేదు. యోసేపు వైపు వంగి అడిగాడు.

"నా బిడ్డ పేరు తెలుసునా నీకు?"

"తెలుసు సామీ. కృష్ణవేణమ్మ."

"నీళ్ళు నీళ్ళు అని పోయినాది. నువ్వు డప్పు కొట్టుంటే అమ్మ ఊర్లోకి రానిచ్చేదా గత్తరను? చెప్పు."

యోసేపు నోట్లో నెత్తురు మింగి, ఆ పిల్లను కట్టెల మీద పెట్టిన రోజు తమ పల్లెలో కూడా ఎవరూ పొయ్యి వెలిగించలేదని చెప్పాడు. అది నిజమే. నా కడుపు గూడా తరుక్కపోయింది సామీ, కానీ నేను ఇంక డప్పు కొట్టను అన్నాడు. మునసబు తలాడించాడు, ఆ జవాబు ముందే తెలిసినట్టు. గిటారు తెమ్మని చేయి చాపి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నిత్యానందం వైపు తిరిగాడు. గురువారం అమ్మ ముందర దీన్నే వాయించమన్నాడు. మీ ఇంటి చెయ్యి మోగించిన చప్పుడేదైనా సరే, అమ్మ ఒప్పుకుంటుందన్నాడు. బెదిరింపుగా కాదు, దాదాపు బతిమాలినట్టే అన్నాడు.

ఇక్కడ మన కుర్రవాడు తలవంచి ఉంటే బాగుండేదని మీరంటారు. గురువారం అమ్మవారి ముందర వాయిస్తే శుక్రవారానికి మిషన్ పుస్తకంలో వాడి పేరు ఉండదు, హాస్టల్లో గది ఉండదు. అది ఒక లెక్క. కానీ వాడు ఆ లెక్క వెయ్యలేదు. తండ్రి మూతి చూశాడు, తల్లి నుదురు చూశాడు.

"వాయించను" అన్నాడు.

అయ్యా అనలేదు, సామీ అనలేదు. గుమ్మంలో ముసలమ్మ ఒకతె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మునసబు గిటారును జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. లేచాడు.

"అమ్మకు పనికిరాని చెయ్యి ఎవరికీ పనికిరాగూడదు. నా బిడ్డ పోయినాది యోసేపూ. నేను నీ బిడ్డను అడగడంలా. చెయ్యి చాలు."

జ్ఞానమ్మ కేక వేసింది. యోసేపు లేవబోతే బ్రహ్మం మెడ మీద కాలు వేసి తొక్కిపట్టాడు. పాలేర్లిద్దరూ నిత్యానందాన్ని చెరో భుజం పట్టి తోలు కొట్టే బండ దగ్గర మోకాళ్ళ మీద కూలేశారు. దీన్ని వాయించేది ఏ చెయ్యిరా అని అడిగాడు మునసబు.

డప్పుకైతే జవాబుంది, దెబ్బ వేసేది కుడిచెయ్యి. గిటారుకు రెండూ కావాలి. ఎడమ చేయి తీగెల్ని నొక్కాలి, కుడిచేయి మీటాలి. ఏది పోయినా గిటారు పోతుంది. కానీ కుడిచెయ్యి పోతే కలం కూడా పోతుంది, కలం పోతే బందరు పోతుంది. ఇంత సంగతీ వాడికి ఒక్క ఊపిరిలో తట్టింది. మొన్న బంగళాలో ఏరుకోవడానికి గంట పట్టినవాడికి, ఇప్పుడు రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఎడమది" అన్నాడు.

మునసబు వాడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. తన జన్మలో చేసిన ఒక్క తెలివైన పని అదేనని వాడు అనుకుంటూ ఉండగానే,

"ఇరవై ఏండ్లు మునసబు పని చేసినా. అడగంగానే చెప్పినోడు ఎవడూ నాతో నిజం చెప్పలా. కుడిది పెట్టించండిరా" అన్నాడు.

నిత్యానందం పెనుగులాడాడు. కొరికాడు. పాలేరు ఒకడు వాడి మెడ మీద మోకాలు పెట్టాడు, ఇంకొకడు మణికట్టు పట్టి చెయ్యిని బండ మీద పరిచాడు. ఐదు వేళ్ళు విడివిడిగా, ఎండలో. వద్దు సామీ, రాసుకునే చెయ్యి సామీ అని జ్ఞానమ్మ మునసబు పాదాల మీద పడి ఏడుస్తోంది. బ్రహ్మం యోసేపు మెడ మీద కాలు తీసి బండ దగ్గరికి నడిచాడు. దుడ్డుకర్ర కొసకు ఇనుప పొన్ను తొడిగి ఉంది. రెండు చేతులతో తల పైదాకా ఎత్తాడు.

యోసేపు ఎట్లా వచ్చాడో ఎవరూ చూడలేదు. రెండు పక్కటెముకలు విరిగిన మనిషి, పాకుతూ వచ్చాడో ఎగిరి పడ్డాడో. కర్ర దిగేసరికి కొడుకు చేతి మీద అతని చెయ్యి ఉంది. కుడిచెయ్యి. ఇనుప పొన్ను సరిగ్గా దాని మధ్యలో పడింది.

ఆ చప్పుడు గురించి నేను రాయను. మస్తానయ్య ముసలివాడై చచ్చేదాకా దాన్ని మరిచిపోలేదు, అతనే నాకు చెప్పాడు. అరచెయ్యి ఎముకలు తోలులోంచి తెల్లగా పైకి వచ్చాయి. మూడు వేళ్ళు వెనక్కి మడిచినట్టు తిరిగిపోయాయి. యోసేపు అరవలేదు, ఆ చెయ్యిని తీసుకోనూ లేదు, అట్లాగే కొడుకు చెయ్యి మీద కప్పి పెట్టుకుని ఉన్నాడు. నెత్తురు బండ మీదుగా దిగి, సాగగొడుతున్న పట్టీని తడిపింది.

పాలేర్లు భయపడి నిత్యానందాన్ని వదిలేశారు. మస్తానయ్య ఒక్కడే నోరు తెరిచాడు.

"అయ్యా, అది డప్పు కొట్టే చెయ్యి. గురువారం ఇంక ఎవరు కొడతారు?"

మునసబు ఆ చెయ్యి వైపు చూశాడు. తుమ్మకుంటలో అమ్మకు చప్పుడు వినిపించగల ఒకే ఒక చెయ్యి. ఇప్పుడు కాకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే ఏడు, కాళ్ళు పట్టుకునైనా తన మొక్కు తీర్పించుకోవలసిన చెయ్యి. పక్క ఊరివాడు రాడు, రానివ్వరు. తన తమ్ముడి చేత, తన కళ్ళ ముందు, తానే చెప్పి పగలగొట్టించుకున్నాడు. రోలు మీద చతికిలబడి, చాలు బ్రహ్మం, ఇంక పదరా అన్నాడు.

అన్న మాట వినపడనంత మదం ఎక్కి ఉంది బ్రహ్మానికి. ఇంకొకటి మిగిలిపోయింది గదా అన్నా అని, మళ్ళీ కర్ర ఎత్తాడు.

నిత్యానందం కుడిచెయ్యి తండ్రి చేతి కిందనుంచి బయటికి వచ్చింది. తోలు కొట్టే గూటం బండ పక్కనే, చింతకొయ్యది, పడి ఉంది. వాడు మోకాళ్ళ మీదినుంచి లేస్తూ లేస్తూనే దాన్ని అందుకుని కొట్టాడు. ఒక్క దెబ్బ. బ్రహ్మానికి చెవి పైన తగిలింది. ఎత్తిన కర్ర మొదట వెనక్కి జారింది, తరవాత మనిషి పక్కకు ఒరిగాడు. తాలింఖానా ఒళ్ళు నేలకు తగిలితే వాకిలి అదిరింది. కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

గిటారు రెండడుగుల అవతల చెక్కుచెదరకుండా పడి ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

మునసబు లేచి వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. బ్రహ్మం, ఒరే బ్రహ్మం అని రెండుసార్లు పిలిచాడు. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. తరవాత చెయ్యి తీసి, తమ్ముడి కళ్ళు మూశాడు. నెల తిరక్కుండా అతను మూసిన రెండో జత కళ్ళు అవి. పాలేర్లు ముందుకు ఉరకబోతే వేలు ఎత్తి ఆపాడు. జ్ఞానమ్మ లేచి కొడుకును వెనక్కి లాగుతోంది, పొలాల్లో పడి పరిగెత్తు నాయనా అని. వాడికి కాళ్ళు రావడం లేదు. గూటం ఇంకా చేతిలోనే ఉంది.

మునసబు తల ఎత్తి వాడిని చూశాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాణ్ణి వివరం అడిగినట్టు అడిగాడు.

"నీ రైలు ఎన్ని గంటలకు, నిత్యానందం?"

చెప్పొద్దురా అని యోసేపు బండ దగ్గరనుంచి అన్నాడు, నోటి నిండా నెత్తురుతో. కానీ పుట్టిన నాటినుంచి మునసబు అడిగితే జవాబు చెప్పడమే నేర్చుకున్న పల్లె అది. ఒక్కసారి వాయించనన్న నోరు, ఇప్పుడు దానంతట అదే తెరుచుకుంది.

"పొద్దున ఆరింటికి సామీ" అన్నాడు నిత్యానందం.